అమ్మ ఒప్పుకోవాలి

రంగూన్ నుంచి ఓడలో వచ్చి విశాఖపట్నంలో దిగేనాటికి నాకు పదేళ్ళుంటాయి. వచ్చింది అమ్మా నేనూ. అక్కడ బయటి దేశాలవాళ్ళ దుకాణాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంటున్న రోజులు. నాన్నది బట్టలు కుట్టే దుకాణం. దాని సంగతి తేల్చుకుని వెనకాల ఓడలో వస్తానని చెప్పి మమ్మల్ని ఎక్కించాడు. వెనకాల ఓడ వచ్చింది. దాని వెనకాలదీ వచ్చింది. ప్రతిసారీ అమ్మ రేవుకు వెళ్ళి, చివరి మనిషి దిగేదాకా నిలబడి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది.

బర్మా నుంచి వచ్చినవాళ్ళ కోసం కంచరపాలెం దగ్గర వేసిన క్యాంపులో మాకొక గది ఇచ్చారు. అమ్మ దాని ముందు తాటాకు పందిరి వేసి సాయంత్రంపూట కౌస్వే అమ్మడం మొదలుపెట్టింది. ఉడికించిన నూడుల్స్ మీద కొబ్బరిపాలు పోసి కాచిన కోడిపులుసు, వేయించిన ఉల్లిపాయలు, ఇంత నిమ్మరసం. మొదట్లో క్యాంపువాళ్ళే తినేవారు. తర్వాత రైల్వే వర్క్‌షాపువాళ్ళు రుచి మరిగారు. ఆ కొట్టుతోనే నన్ను చదివించింది. పోర్టులో నాకు ఉద్యోగం వచ్చాక కూడా కొట్టు కట్టెయ్యలేదు. నా జీతం మీద ఆమె ఎప్పుడూ ఆధారపడలేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. తర్వాత చాలామంది అన్న మాట వేరేగా ఉంది.

ఇంట్లో మేమిద్దరం బర్మా భాషే మాట్లాడుకునేవాళ్ళం. క్యాంపులో మిగతావాళ్ళు నెమ్మదిగా మానుకున్నారు, పిల్లలు బడికి వెళ్ళాలి కదా అని. మేం మానలేదు. ఆ భాషలో మాట్లాడుకుంటుంటే నాన్న వీధి అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నట్టే ఉండేది నాకు. అమ్మకి ఎలా ఉండేదో నేనడగలేదు.

డెబ్బైల చివర్లో నేను ఇనప ఖనిజం ఎగుమతి చేసేచోట పనిచేసేవాణ్ణి. కొత్తగా కట్టిన ఔటర్ హార్బరుకు ఖనిజాన్ని బెల్టుల మీద పంపేవారు. బెల్టు వెంట నడుస్తూ ఎక్కడైనా రాయి ఇరుక్కుందేమో చూడడం నా పని. షిఫ్టంతా ఆ హోరులో ఎవరితోనూ మాట్లాడే వీలుండేది కాదు. నాతో పనిచేసేవాడు ఒకడుండేవాడు, సబ్బవరం అతను. నాకంటే కాస్త పెద్ద, మంచివాడు. నన్ను బావా అని పిలిచేవాడు. నన్ను బావా అనే మనిషి ఊళ్ళో అతనొక్కడే.

ఒక ఏడాది సంక్రాంతి పండగ మర్నాడు అతను నన్ను అనకాపల్లి దగ్గర శంకరం తీసుకెళ్ళాడు. అక్కడొక కొండ. దాని మీద రాతిని తొలిచి చేసిన స్తూపాలు, గుహలు ఉన్నాయి. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తీర్థానికి వస్తారు. కొండమీద పొట్ట ఉన్న ఒక రాతిబొమ్మ ఉంది. అది రాక్షసుడిదని, రాళ్ళు విసిరితే మంచి జరుగుతుందని వాళ్ళ నమ్మకం. పిల్లా పెద్దా నవ్వుకుంటూ విసురుతున్నారు. ఎవరిలోనూ కోపం లేదు. మా సబ్బవరం అతను ఒక రాయి ఏరి నా చేతిలో పెట్టాడు.

"కొట్టు బావా. ఈ ఏడాది నీకు పెళ్ళైపోద్ది."

నేను పక్కకు చూశాను. గుహలో, అరిగిపోయిన ముఖంతో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న విగ్రహం ఉంది. ఆయనెవరో నాకు తెలుసు. రంగూన్‌లో మా వీధి చివర ఆయనకు బంగారు రేకులు అంటించి దీపాలు పెట్టేవారు. ఇక్కడ ఆయన పక్క నుంచే జనం పోతున్నారు. ఆయనను ఎవరూ కొట్టడం లేదు, ఎవరూ చూడడమూ లేదు. నేను రాయి కింద పెట్టేశాను.

"ఏటి బావా, సెయ్యి నొప్పేటి?"

"ఔను," అన్నాను.

తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఆ కొండకు ఒక్కణ్ణే వెళ్ళేవాణ్ణి. తీర్థం లేని రోజుల్లో అక్కడ మేకలు తప్ప ఎవరూ ఉండరు. గుహలో కూర్చుంటే చిన్నప్పటి ఒక సంగతి గుర్తొచ్చేది. రంగూన్‌లో మా పక్కింటి బర్మావాళ్ళు తమ కొడుకును కొన్నాళ్ళు మఠానికి పంపుతూ, తోడుగా నన్నూ పంపారు. అక్కడ అందరు మగపిల్లల్నీ అలా పంపుతారు. గుండు గీసి, కాషాయం చుట్టి, చాప మీద పడుకోబెట్టారు. పక్కింటివాడు ఇంటికి పోతానని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. జీవితంలో నేను ఎవరి కోసమూ ఎదురుచూడని రోజులు అవే. ఎందుకు సన్యాసం తీసుకున్నావని అడిగినవాళ్ళకు ఇంతకంటే మంచి కారణం నేనెప్పుడూ చెప్పలేకపోయాను. పెద్ద దుఃఖమేదీ రాలేదు, కల రాలేదు. బెల్టు పక్కన నడుస్తున్నాను, ఇంటికొస్తున్నాను, అమ్మతో కలిసి వాకిలి వైపు చూస్తున్నాను. ఆ చూడడం ఇక చాలనిపించింది.

సెలవు పెట్టి గయ వెళ్ళాను. అక్కడొక బర్మా విహారం ఉంది. పెద్దాయన చాలా ముసలివాడు, మంచం మీద కూర్చుని తాటాకు విసనకర్రతో ఈగలు తోలుకుంటున్నాడు. నేను మా ఇంటి బర్మా భాషలో మాట్లాడుతుంటే నవ్వాడు.

"నువ్వు మాట్లాడేది సంతలో మాట్లాడే భాష. ఎవరు నేర్పారు?"

"మా అమ్మండి."

"అమ్మ ఉందన్నమాట. ఒప్పుకుందా?"

"ఇంకా అడగలేదండి. నాకిప్పుడు ఇరవై అయిదు దాటింది."

"అరవై దాటినా అంతే. తల్లీ తండ్రీ ఒప్పుకోకుండా మేం ఎవరినీ తీసుకోం. వెళ్ళి అడుగు." అని విసనకర్ర మళ్ళీ తీసుకున్నాడు.

ఇంటికొచ్చి అడిగాను. అమ్మ కొట్టు కట్టేసి గిన్నెలు తోముతోంది. ఆమెకు కొత్త సంగతేం కాదనుకున్నాను. రంగూన్‌లో తెల్లారేసరికి పొంగీలు, అంటే భిక్షువులు, వరసగా చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చేవారు. అమ్మ అప్పటికే స్నానం చేసి అన్నం వార్చి గుమ్మంలో నిలబడేది. ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకముందే వాళ్ళ పాత్రల్లో వడ్డించేది. అందుకే సంతోషిస్తుందేమో అని కూడా అనిపించింది. బర్మా భాషలోనే, అక్కడ కొడుకులు అడిగే మర్యాద మాటల్లోనే అడిగాను.

అమ్మ చేతిలో గిన్నె కడిగి బోర్లించింది. తెలుగులో జవాబిచ్చింది.

"నాను సానామందికి పెట్టినాన్రా అన్నం. ఆళ్ళ అమ్మలు ఇంటికాడ ఒక్కత్తే కూకుని ఏటి తింతన్నారో అని ఒక్కనాడూ అనుకోనేదు. ఇప్పుడనుకుంతన్నాను."

"అమ్మా..."

"నేదు. నానొప్పుకోను. ఇంకెప్పుడూ అడక్కు."

ఆ రోజు నుంచి ఆమె నాతో బర్మా భాష మాట్లాడలేదు. నేను ఆ భాషలో ఏదన్నా అంటే తెలుగులో బదులు చెప్పేది. కోపంగా కాదు, మామూలుగానే. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది. కానీ ఆ ఒక్కటీ మూసేసింది. ఆ ఊళ్ళో ఆ భాషలో నాతో మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరు. మెల్లగా నేనూ మానేశాను. గదిలో ఇద్దరం, ఇద్దరికీ బాగా వచ్చిన భాష ఒకటి పక్కన పడి ఉండగా, ఇంకో భాషలో ఉప్పు సరిపోయిందా అని అడుక్కుంటూ బతికాం.

నేను మళ్ళీ అడగలేదు. గయకూ వెళ్ళలేదు. అలాగని పెళ్ళీ చేసుకోలేదు. అమ్మ ఇద్దరు ముగ్గురి చేత సంబంధాలు చెప్పించింది. నేను కాదనేవాణ్ణి కాదు, మాట్లాడేవాణ్ణే కాదు. వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోయేవారు. మాంసం మానేశాను. కౌస్వేలో పులుసు లేకుండా ఉల్లిపాయలు కలుపుకుని తినేవాణ్ణి. అమ్మ చూసేది. ఒకసారి బెల్టు ఆగి ఉన్నప్పుడు సబ్బవరం అతను అడిగాడు.

"ఏటి బావా, ఎవుర్నైనా పేమించి పోగొట్టుకున్నావేటి? నాకు సెప్పు. నానెవురికీ సెప్పను."

నిజం చెప్పాను. "ఒక్కడివే ఉండిపోతావు బావా," అన్నాడు. "ముసిలితనంలో మంచినీళ్ళు ఎవురిత్తారు?"

అలా కొన్నేళ్ళు గడిచాయి. అప్పుడప్పుడు బర్మా ఓడ ఏదన్నా రేవుకు వచ్చేది. ఓడవాళ్ళు ఎవరో చెబితే వెతుక్కుంటూ మా కొట్టుకు వచ్చి తినేవారు. అమ్మ ప్రతివాణ్ణీ అడిగేది. మా వీధి పేరు చెప్పి, అక్కడ బట్టలు కుట్టే తెలుగాయన ఒకడుండాలి, విన్నావా అని. అందరూ తల అడ్డంగా ఊపేవారు. అమ్మ ఇంకాస్త పులుసు పోసి పంపేది.

ఒక సాయంత్రం వచ్చిన కుర్రవాడు మాత్రం తల ఊపలేదు. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. అతను తింటూ తింటూ, "ఎడమకాలు కాస్త ఈడుస్తాడు, ఆయనేనా?" అన్నాడు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"బతికే ఉన్నాడా?"

"ఎందుకు బతికుండడు? మా అన్న పెళ్ళికి చొక్కాలు ఆయనే కుట్టాడు. కొట్టు సర్కారు తీసుకుందిలెండి, ఇంట్లోనే కుడతాడు. భార్య గుడి దగ్గర పూలు అమ్ముతుంది. ఇద్దరో ముగ్గురో పిల్లలు. పెద్దపిల్లకు పెళ్ళీడు వచ్చింది." చెప్పి, తనేం చెప్పాడో తెలియక, మాకు ఆయన ఏమవుతాడని అడిగాడు.

"మా ఊరాయన," అంది అమ్మ. ఇదంతా బర్మా భాషలోనే. ఎన్నాళ్ళకో ఆమె నోట ఆ మాటలు విన్నాను, ఇంకొకరితో.

ఆ కుర్రవాడికి మారు వడ్డించింది. మిగతావాళ్ళకూ వడ్డించింది. ఎప్పటిలాగే పొయ్యి ఆర్పి, గిన్నెలు తోమి, పడుకుంది. నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డంపెట్టింది.

మర్నాడు పొద్దున్న నేను షిఫ్టుకు బయల్దేరుతుంటే ఆమె గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతోంది. తల ఎత్తకుండా అంది.

"మీ నాన్న సెప్పకుండా ఉండిపోనాడు. నువ్వు సెప్పి, నానొద్దంతే ఇన్నేళ్ళు కూకున్నావు. ఆడికీ నీకూ అదే తేడా. ఎల్లు."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎక్కడికి?"

"ఆ గయకే. ఎల్లి సెప్పు ఆ పెద్దాయనకి, మాయమ్మ ఒప్పుకుందని."

"నువ్వొక్కదానివీ ఎలా ఉంటావమ్మా?"

"నానొక్కదాన్నీ అయింది ఇయ్యాలేటి? మీ నాన్న ఒత్తాడని నిన్ను కూడా వాకిట్లో కూకోబెట్టినాను. ఇంక ఎవుడొత్తాడు? కూకుని ఏటి సేత్తావు?" ఉల్లిపాయలు గిన్నెలోకి తోసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఉల్లిపాయల వల్లో కాదో నేను చెప్పలేను.

పోర్టు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. సర్కారు కొలువులో ఉన్నవాణ్ణి కూడా సంఘంలోకి తీసుకోరు. ఊళ్ళో అందరూ తల్లిని గాలికొదిలేసి పోతున్నాడన్నారు. అమ్మ కొట్టు తీసే వేళకు కొట్టు తీసింది.

భిక్షువుగా తీసుకునేటప్పుడు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. వేల ఏళ్ళుగా అవే ప్రశ్నలు. అందులో ఒకటి, నువ్వు మనిషివేనా అని. గుండు చలికి వణుకుతుంటే, చుట్టూ కూర్చున్న ముసలి భిక్షువుల ముందు, ఔను మనిషినే అని చెప్పాను. ఆ మాట అంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు నేను. తర్వాత, తల్లిదండ్రులు ఒప్పుకున్నారా అని. ముందురోజే పెద్దాయనకు అంతా చెప్పి ఉంచాను, తండ్రి బతికే ఉన్నాడనీ, మమ్మల్ని వదిలేశాడనీ. "వదిలేసినవాణ్ణి అడగక్కర్లేదు," అన్నాడాయన. అయినా ఆ ప్రశ్న దగ్గర ఆయన విసనకర్ర అంచు మీంచి నన్ను చూశాడు. ఒప్పుకున్నారన్నాను.

విహారంలో అన్నీ సులువుగానే ఉన్నాయని చెబితే అబద్ధం. మధ్యాహ్నం దాటాక తినకూడదు. చలికాలం సాయంత్రాలు కడుపు కాలేది. మిగతావాళ్ళంతా బర్మావాళ్ళు. వాళ్ళ భాష నాకు వచ్చు, వాళ్ళ నవ్వులు అందేవి కావు. వాళ్ళలో నేను భారతీయుణ్ణి, బయట బిహారు జనంలో మద్రాసీని. తెలుగు మాట వినపడితే యాత్రికుల వెనకాల కొంతదూరం నడిచేవాణ్ణి, ఊరికే వినడానికి. అమ్మకు చదువు రాదు. ఇంకొకరి చేత చదివించుకునే మాటలు మా మధ్య లేవు, అందుకని ఉత్తరాలు రాయలేదు. ఆమె ఎలా ఉందో నాకు తెలియలేదు. ధ్యానంలో కూర్చుంటే నాకు కనపడేది ఒక్కటే, పందిరి కింద ఒంటరిగా కూర్చున్న అమ్మ.

కొన్నేళ్ళ తర్వాత పెద్దాయన నన్ను పిలిచి, "ఈ వర్షాకాలం మీ ఊళ్ళో గడుపు," అన్నాడు. వానాకాలం మూడు నెలలు భిక్షువు ఒకేచోట ఉండాలి. "అక్కడ మనవాళ్ళు ఎవరూ లేరండి," అన్నాను. "నువ్వుంటావుగా," అన్నాడు.

రైలు దిగేసరికి ఊరు మారిపోయి ఉంది. ఉక్కు కర్మాగారం కడుతున్నారు, రోడ్డునిండా ఇనుము మోసే లారీలు. నన్ను చూసి కొందరు దణ్ణం పెట్టారు, కొందరు జాతకం చెబుతావా అన్నారు, ఒకావిడ బిడ్డకు తాయెత్తు కట్టమంది. పాతపట్నంలో గొడుగులు బాగుచేసే ఒక సాయిబు తన దుకాణం మీది గది చూపించాడు. "మీరెవరో నాకు తెలియదు. ఒంటరిగా దేవుణ్ణి తలుచుకునేవాడికి చోటు కాదనకూడదని మా నాయన అనేవాడు," అన్నాడు. దేవుడి విషయం వివరించబోయి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పాత్ర పట్టుకుని కంచరపాలెం నడిచాను. దారిలో సైకిల్ మీద సబ్బవరం అతను ఎదురయ్యాడు. దిగి, హ్యాండిల్ పట్టుకుని నిలబడిపోయాడు.

"బావా..." అన్నాడు, వెంటనే నాలిక కరుచుకుని, "అలగ అనొచ్చా?"

"అను," అన్నాను. కానీ అతను మళ్ళీ అనలేదు. స్వామీ అన్నాడు. ఇంటికి రమ్మన్నాడు, పిల్లల్ని దీవించమన్నాడు, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

క్యాంపులో మా గది ముందు తాటాకు పందిరి లేదు, రేకులు వేసి ఉన్నాయి. బల్లలు కొత్తవి. లోపల్నించి నవ్వులు వినపడుతున్నాయి. అమ్మ నవ్వు అందులో ఉందని గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. ఒక ఆవిడ చేపలు బాగుచేస్తూ ఏదో కథ చెబుతోంది, అమ్మ పళ్ళెం మోకాళ్ళ మీద పెట్టుకుని పడీపడీ నవ్వుతోంది. ఆవిడది పెదజాలారిపేట. మొగుడు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. కొట్టుకు చేపలు తెచ్చి ఇచ్చేది, ఒక గాలివానకు ఇల్లు పోతే ఇక్కడే ఉండిపోయింది. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

అమ్మ నన్ను చూసింది. పళ్ళెం పక్కన పెట్టి లేచింది. చెప్పులు విడిచింది. కొంగు సర్దుకుని, రంగూన్‌లో చేసినట్టే, నేల మీద మోకాళ్ళూని మూడుసార్లు దణ్ణం పెట్టింది. నేను ఆపకూడదు, తిరిగి దణ్ణం పెట్టకూడదు. అది నియమం. నిలబడి ఉండడం అంత కష్టంగా ఎప్పుడూ లేదు.

"ఎవులక్కా?" అంది ఆవిడ.

"పొంగీ," అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "కూకోండి. అన్నం ఇప్పుడే దించినాను," అంది.

అమ్మ నన్ను మీరు అంది. అది బర్మా మర్యాద, ఆమెకు బాగా తెలిసిన మర్యాద. అయినా ఎక్కడో ఒక తలుపు వేసినట్టు వినపడింది నాకు.

పాత్రలో వడ్డించింది. నేను తిన్నంతసేపూ దూరంగా కూర్చుంది. తిన్నాక అడిగింది.

"సాయంత్రాలేటి తింతారు?"

"మధ్యాహ్నం దాటితే తినకూడదమ్మా."

"అయితే నా కొట్టు తిండి మీకు నేనట్టే," అంది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, "అక్కడ బాగుందా?" అంది.

అబద్ధం చెప్పకూడదు కదా. "ఒంటరిగా ఉంటుంది," అన్నాను.

"ఉంతాది మరి," అంది. "మొదట్లో నానూ అలగే కూకున్నాను. ఇది ఒచ్చింది." చేపలావిడ వైపు గెడ్డం ఎత్తి చూపించింది. "ఒకటే వాగుడు. రేతిరి గురక. నిద్దర్లేదు నాకు." ఆవిడ నవ్వి, నీ గురకే ఎక్కువ అంది. ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. నేను పాత్ర కడుక్కుని లేచాను.

ఇన్నేళ్ళు ఎవరి ఒంటరితనం తలుచుకుని కుమిలానో ఆ మనిషి ఒంటరిగా లేదు. సంతోషించాను. నిజంగానే. పాతపట్నం దాకా నడిచి వెళ్తుంటే మాత్రం, ఇప్పుడు నా కోసం వాకిట్లో కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరన్న మాట కూడా నాతో నడిచింది. కోరుకున్నది అదే. దొరికినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ వానాకాలమంతా రోజూ వెళ్ళాను. కొన్నాళ్ళకు చేపలావిడే ముందు వడ్డించడం మొదలుపెట్టింది. చేపలు లేని కూర వండడం ఆవిడకు రాదు, రోజూ పప్పే. ఒకరోజు మధురవాడ వైపు కొండమీద తవ్వకాలు జరుగుతున్నాయని విని చూడడానికి వెళ్ళాను. జీడితోటల మధ్య నుంచి నడవాలి. ఇటుకలతో కట్టిన చిన్న చిన్న గదులు వరసగా బయటపడ్డాయి, పూర్వం ఒక్కోటి ఒక్కో భిక్షువుకు. ఒక గదిలో కాసేపు కూర్చున్నాను. ఎంత చిన్న గదులైనా గోడకు అవతల ఇంకొకరు ఉండేవారు, దగ్గితే వినపడేది. వాళ్ళను తలుచుకుని అసూయపడ్డాను. భిక్షువు పడకూడనిదే, కానీ పడ్డాను.

వానాకాలం అయిపోయింది. సాయిబుకు వెళ్తున్నానని చెప్పాను, అతను రైలు దాకా పట్టుకోమని ఒక గొడుగు ఇచ్చాడు. బండి సాయంత్రం ఎప్పుడో. అమ్మా, చేపలావిడా స్టేషనుకు వచ్చారు. నేను బెంచీ మీద, వాళ్ళిద్దరూ కాస్త ఎడంగా కింద కూర్చున్నారు. రైలు ఆలస్యమని చెప్పారు. ఇంకా ఆలస్యమన్నారు. చేపలావిడ గడియారం వైపు చూడడం మొదలుపెట్టింది.

"అక్కా, పొయ్యి ఎలిగించాల. వర్క్‌షాపోలు ఒచ్చీసే టైమైపోనాది."

అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె లేచి, ప్లాట్‌ఫారం మీదే మోకాళ్ళూని దణ్ణం పెట్టింది. లేచాక, ఎవరూ వినకుండా, గొంతు తగ్గించి, "సలికి కప్పుకోరా," అంది.

ఇద్దరూ జనంలో పడి నడిచారు. చేపలావిడ ఏదో చెబుతోంది, చేతులు తిప్పుతోంది. అమ్మ వింటూ తల ఊపుతోంది. గేటు దగ్గర కూలీ ఎవరో అడ్డొస్తే అతన్ని కసిరి పక్కకు తప్పించి బయటికి వెళ్ళిపోయింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. రైలు ఇంకా రాలేదు.